ప్లాస్టిక్ విమానానికి ఏ జిగురు?

కుండల్‌వాడి బజారులో ప్లాస్టిక్ అతికే జిగురు అడిగితే ముందుగా చేతిలో పెట్టేది ఫెవిక్విక్. అది కాదంటే అరల్డైట్, అదీ వద్దంటే పైపులు అతికే సొల్యూషన్. దుకాణాయన తప్పేమీ లేదు. మనం అడగడమే ‘గట్టిగా పట్టేది ఇవ్వు సేటూ’ అని అడుగుతాం. తెగిన చెప్పుకీ, విరిగిన రిమోట్ మూతకీ ఆ ప్రశ్న చాలు. స్కేల్ మోడల్ కిట్లు కట్టేవాళ్లకు మాత్రం చాలదు. అసలు విమానాన్నో ఓడనో యుద్ధ ట్యాంకునో 72వ వంతుకో 48వ వంతుకో కుదించి, ముక్కలుగా పోతపోసి పెట్టెలో పెట్టి అమ్మే కిట్లవి. 1965 యుద్ధంలో పేరు తెచ్చుకున్న నాట్ విమానాన్ని ఎయిర్‌ఫిక్స్ అనే కంపెనీ వాళ్లు 72వ వంతులో చేశారు. రెక్కలతో సహా జానెడు కూడా ఉండదు. 1963 నుంచి 2025 దాకా మన వాయుసేనలో ఎగిరిన మిగ్-21ను చెక్ దేశపు ఎడ్యుఆర్డ్ వాళ్లు 48వ వంతులో చేశారు. ఇంత చిన్న వస్తువును బల్ల మీద నిలబెట్టి చూసుకోవడమే గానీ లాగి పీకేవాడు ఉండడు. అందుకే పట్టు ఎంత అనేది ఇక్కడ చివర వచ్చే ప్రశ్న. అతుకు కనబడకుండా పోతుందా, ముక్కను సర్దుకోవడానికి వ్యవధి ఇస్తుందా, పక్కనున్న నగిషీని పాడుచేస్తుందా అన్నవే ముందు చూడాలి.

బొమ్మలు చేసేవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. మన ఊరి నుంచి బాసర మీదుగా పోతే వచ్చే నిర్మల్‌లో, అటు కృష్ణా తీరాన కొండపల్లిలో తేలికైన పొణికి కర్రతో బొమ్మలు చేస్తారు. చేతులు, తలలు, ఏనుగు తొండాలు విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. కొండపల్లి వాళ్లు దాన్ని మక్కు అంటారు. ఆ ముద్ద రెండు పనులు చేస్తుంది. ముక్కను పట్టి ఉంచుతుంది, సందును పూడుస్తుంది. ఆరాక ఆకురాయితో రాస్తే కర్రతో కలిసిపోతుంది, పైన రంగు పడితే అతుకు జాడే ఉండదు. కర్రకు రంధ్రాలుంటాయి కాబట్టి జిగురు లోపలికి ఇంకి పట్టుకుంటుంది. పోతపోసిన ప్లాస్టిక్‌కు ఆ రంధ్రాలు లేవు. చింతగింజల ముద్దనైనా, మైదా ఉడికించిన జిగురునైనా దాని మీద రాస్తే ఆరాక పొలుసుగా లేచి వస్తుంది. అతుకు మాయం కావాలన్న కోరిక మాత్రం ఆ కళాకారులదీ, కిట్లు కట్టేవాళ్లదీ ఒకటే. దారి వేరు.

ఆ దారి తెలియాలంటే ఒక థర్మాకోల్ ముక్క, చెంచాడు పెయింటు థిన్నర్ చాలు. ఆరుబయట, పొయ్యికి దూరంగా, స్టీలు గిన్నెలో థిన్నర్ పోసి థర్మాకోల్ ముంచితే బుసబుసమని గాలి వదులుతూ కుంగిపోతుంది. అరచేయంత ముక్క చిటికెడు తెల్లటి బంకగా మిగులుతుంది. ప్లాస్టిక్ ఎక్కడికీ పోలేదు, లోపలి గాలి పోయిందంతే. థర్మాకోల్ అంటే గాలితో ఉబ్బించిన పాలీస్టైరీన్. కిట్లలో ముక్కలు పోతపోసేదీ ఆ పాలీస్టైరీన్‌తోనే, గాలి లేకుండా గట్టిగా. ఈ ప్లాస్టిక్‌లో పొడవాటి అణువుల గొలుసులు ఒకదానితో ఒకటి మెలిపడి ఉంటాయి. తగిన ద్రావకం తగిలితే ఆ మెలికలు సడలుతాయి. ద్రావకం ఆవిరైపోతే మళ్లీ బిగుస్తాయి. రెండు ముక్కల అంచులు ఒకేసారి సడలి, ఒకదాన్నొకటి తాకి, అప్పుడు బిగుసుకుంటే ఈ ముక్క గొలుసులు ఆ ముక్కలోకి దూరి మెలిపడతాయి. ఇక మధ్యలో జిగురన్నదే మిగలదు. ఊళ్లలో తిరుగుతూ పగిలిన ప్లాస్టిక్ బిందెలకు కాల్చిన ఇనుప కడ్డీతో మాట్లు వేసే మనిషి చేసేదీ ఇదే పని, ఆయన వేడితో చేస్తాడు, ఇక్కడ ద్రావకంతో చేస్తాం. కిట్ల కోసం ‘సిమెంటు’ పేరుతో అమ్మే జిగుర్లన్నీ ఈ కోవలోవే.

వాటిలో మళ్లీ రెండు రకాలు. ద్రావకంలో కాస్త పాలీస్టైరీన్ కరిగించి చిక్కబరిచినది ఒకటి, ట్యూబుల్లోనో కుంచె ఉన్న సీసాల్లోనో వస్తుంది. ఉత్త ద్రావకమే, నీళ్లలా పల్చగా ఉండేది రెండోది. జపాన్ కంపెనీ టమియాలో నారింజ రంగు మూత సీసా చిక్కటిది, ఆకుపచ్చ మూత సీసా పల్చటిది. జర్మన్ కంపెనీ రెవెల్ వారి కాంటాక్టాకు సూది మూతి ఉంటుంది, చిక్కదనం ఈ రెంటికీ మధ్యస్తం. పాతకాలం నుంచి కడుతున్నవాళ్లు ట్యూబును వదలరు. సందు కాస్త వెడల్పుగా ఉన్నా పూడుస్తుందనీ, సర్దుకోవడానికి నిమిషాలు దొరుకుతాయనీ వాళ్ల వాదన. అబద్ధం కాదు. కానీ ట్యూబు నుంచి జిగురు తీగలు సాగుతుంది, ఆ తీగ రెక్క మీద వాలితే అక్కడి సన్నగీతలన్నీ కరిగిపోతాయి. మోతాదు ఎక్కువైతే లోపలి ప్లాస్టిక్ రోజుల తరబడి మెత్తగానే ఉండి, పైభాగం లోపలికి పీక్కుపోతుంది. ట్యాంకు అడుగు భాగానికీ, ఓడ లోపలి గోడలకూ చిక్కటిది వాడుకోవచ్చు. కనబడే ప్రతి అతుకుకూ నా ఓటు పల్చటిదానికే.

పల్చటిదాన్ని వాడే పద్ధతి మామూలు జిగురుకు తలకిందులు. ముందు రాసి తర్వాత అతికించడం కాదు, ముందు ముక్కలు కలిపి తర్వాత రాయాలి. విమానం ఒంటి రెండు సగాలనూ పొడిగా కలిపి పట్టుకుని, మూతకున్న సన్న కుంచె అంచును సీసా మూతికి ఒత్తి, మిగిలిన చుక్కతో సందును తాకాలి. తాకిన మరుక్షణం ద్రవం గీతలా సందు వెంట పరుగెత్తుతుంది, రెండు మూడు సెంటీమీటర్లు పాకి ఆగుతుంది. ఆగిన చోట మళ్లీ తాకించాలి. కొన్ని సెకన్లాగి రెండు వైపులా మెల్లగా ఒత్తితే సందులోంచి కరిగిన ప్లాస్టిక్ దారంలా ఉబికి వస్తుంది. దాన్ని చూసి కంగారుపడి తుడిచారా, ఒళ్లంతా చారలే. ఒక రోజు ఆరనిచ్చి బ్లేడు వెన్నుతో గీకి, ఎమ్రీ కాగితంతో రుద్దితే పుట్టీ అవసరం లేకుండా సందు మాయమైపోతుంది. మక్కు చేసే పనిని ఇక్కడ ఆ ముక్క ప్లాస్టిక్కే చేసిపెడుతుందన్నమాట. జాగ్రత్త ఒక్కటే. ముక్కను పట్టుకున్న వేలు సందు మీద ఉండకూడదు. ద్రవం వేలి కిందికీ పాకుతుంది, వేలిముద్ర రెక్క మీద శాశ్వతంగా పడిపోతుంది. సందు మీదుగా అంటించిన టేపు కిందికీ అలాగే పోతుంది. రంగు వేసిన అంచు మీద ఈ సిమెంటు పట్టదు, రంగు గీకి ప్లాస్టిక్ బయటపెట్టాలి. కార్ల కిట్లలో వచ్చే వెండి మెరుపు ముక్కలకూ అదే వర్తిస్తుంది.

ఇక అసలు తగువు. ఈ సీసాలు మన బజారులో లేవు, ఖరీదూ తక్కువేం కాదు. అవే ద్రావకాలు లీటరు డబ్బాల్లో దొరుకుతుంటే చిన్న సీసాకు అంత పెట్టడమెందుకన్నది చాలామంది అనే మాట. కొంత నిజమే. టమియా పల్చటి సిమెంటులో ఉన్నవి అసిటోన్, బ్యూటైల్ ఎసిటేట్, రెండూ పెయింటు పరిశ్రమకు పాత చుట్టాలు. అయితే కిటుకంతా ఆ కలయికలో ఉంది. అసిటోన్ 56 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, బ్యూటైల్ ఎసిటేట్ 126 దగ్గర. మొదటిది చురుగ్గా కరిగిస్తుంది, రెండోది ఆగి పనిచేస్తుంది. నాందేడ్ జిల్లా మే నెల ఎండలో ఉత్త అసిటోన్ కుంచె మీది నుంచి సందులోకి చేరేలోపే సగం ఎగిరిపోతుంది. చేరిన సగం పైపైన కొరికి తెల్లటి మచ్చ మిగులుస్తుంది. గోళ్ల రంగు తుడిచే ద్రవం ఇంకా అన్యాయం. అందులో నీళ్లు, నూనెలు, సువాసనలు కూడా ఉంటాయి. పెయింటు కలపడానికి అమ్మే ఎన్‌సీ థిన్నర్ పనిచేస్తుంది గానీ ఏ కంపెనీ డబ్బాలో ఏ పాళ్లలో ఏముందో మూత తీసి వాడితే గానీ తెలియదు. ఈ నెల బాగా కుదిరింది వచ్చే నెల కొత్త డబ్బాతో సన్నటి ముక్కలను ముద్ద చేయొచ్చు. పైపుల సొల్యూషన్‌లో ఉన్న ద్రావకం పాలీస్టైరీన్‌ను కొరుకుతుంది, కానీ చిక్కదనం కోసం అందులో కరిగించినది పీవీసీ. పీవీసీకీ పాలీస్టైరీన్‌కూ పొత్తు కుదరదు. నల్లా పైపులకే అది ఉంచాలి.

క్లోరోఫామ్ సంగతి వేరే చెప్పాలి. అక్రిలిక్ అక్షరాల బోర్డులు, జ్ఞాపికలు చేసేవాళ్లు దాంతో అతుకులు వేస్తారు. వాళ్ల చేతిపని చూసి కిట్లకూ తెచ్చుకునేవాళ్లున్నారు. పాలీస్టైరీన్ అతుకు అద్భుతంగా వస్తుంది, ఆ మాట కాదనలేం. కానీ అది కాలేయాన్ని దెబ్బతీసే ద్రవం. క్యాన్సర్ కారకం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ పరిశోధన సంస్థ పెట్టిన జాబితాలో ఉంది. వెలుతురు, గాలి తగిలి నిలవుంటే ఫాస్జీన్ అనే విషవాయువుగా మారుతుంది, అందుకే ముదురు రంగు సీసాలో ఉంచుతారు. పిల్లలు తిరిగే ఇంట్లో, మంచం పక్కన బల్ల మీద దాన్ని పెట్టుకోవడం ఏ లెక్కన చూసినా పొదుపు కాదు. డబ్బు మిగుల్చుకోవాలంటే ఇంకో ఉపాయముంది. కిట్ ముక్కలన్నీ స్ప్రూ అనే చట్రానికి తగిలించి వస్తాయి. ముక్కలు కత్తిరించుకున్నాక చట్రం చెత్తలోకే పోతుంది. దాన్ని చిన్నచిన్న తునకలు చేసి, సీసా అడుగున మిగిలిన పల్చటి సిమెంటులో నానేస్తే రెండు రోజుల్లో గంజిలా తయారవుతుంది. చిక్కటి జిగురుగానూ పనికొస్తుంది, సందులు పూడ్చే పుట్టీగానూ పనికొస్తుంది. ఆ కిట్ ప్లాస్టిక్కే కాబట్టి ఆరాక రంగూ, గట్టిదనమూ ముక్కతో సమానం.

ఇన్ని మాటలెందుకు, ఫెవిక్విక్ చాలదా అనేవాళ్లకు జవాబు చెప్పాలి. దాని రసాయనం సయనోఅక్రిలేట్. 1942లో అమెరికాలో కోడాక్ కంపెనీ రసాయనవేత్త హ్యారీ కూవర్ తుపాకి గురిచూసే పరికరాలకు పారదర్శకమైన ప్లాస్టిక్ వెతుకుతూ దీన్ని తయారుచేశాడు. తగిలిన ప్రతిదానికీ అంటుకుంటోందని విసుగెత్తి పక్కన పడేశాడు. 1951లో జెట్ విమానాల గాజు కప్పుల కోసం వేడికి తట్టుకునే పదార్థం వెతుకుతున్న ఆయన బృందంలో ఫ్రెడ్ జాయ్‌నర్ అనే సహోద్యోగి దీన్ని ఒక పరికరపు రెండు అద్దాల మధ్య పూసి చూశాడు. అద్దాలు మళ్లీ విడిపోలేదు. అప్పుడు గానీ అది జిగురని అర్థం కాలేదు. 1958లో అమ్మకానికి వచ్చింది. చిత్రమేమిటంటే, విమానం గాజు కప్పు కోసం వెతుకుతుంటే దొరికిన ఈ జిగురు, కిట్ విమానపు గాజు కప్పుకు పెద్ద శత్రువు. గట్టిపడేటప్పుడు లేచే ఆవిరి పక్కనున్న పారదర్శక ప్లాస్టిక్ మీద తెల్లటి బూజులా పేరుకుంటుంది.

ఇది ఆరడం వల్ల గట్టిపడేది కాదు, తేమ తగిలి గట్టిపడేది. కాబట్టి మన దగ్గర కాలాన్ని బట్టి దీని నడక మారుతుంది. పొడిగాలి వీచే ఏప్రిల్‌లో కాస్త తాత్సారం చేస్తుంది, శ్రావణంలో ముక్క సర్దేలోపే బిగిసిపోతుంది, తెల్లబూజూ అప్పుడే ఎక్కువ. ప్లాస్టిక్‌ను కరిగించదు, పైన గాజులాంటి పొర కట్టి పట్టుకుంటుంది. ఆ పొర లాగితే ఆగుతుంది గానీ పక్కనుంచి దెబ్బ తగిలితే పుటుక్కున విడిపోతుంది. బీరువా మీంచి పడ్డ విమానం చక్రాలు ఊడిపోయేది అందుకే. ఒక రోజు ఆగితే ప్లాస్టిక్ కంటే గట్టిపడుతుంది, అప్పుడు రుద్దితే జిగురు చెక్కుచెదరదు, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అరిగి గుంట పడుతుంది. సందు పూడ్చడానికి వాడితే గంటలోపే రుద్దేయాలి. ఇవన్నీ చెప్పినా దీన్ని బల్ల మీంచి తీసేయలేం. కిట్లతో వచ్చే ఇత్తడి రేకు ముక్కలకు, రెజిన్‌తో పోసిన భాగాలకు ద్రావక సిమెంటు పనిచేయదు. అక్కడ గుండుసూది మొనతో ఒక బొట్టు సయనోఅక్రిలేట్ పెట్టడం తప్ప మార్గం లేదు. చిన్న ట్యూబులోంచి నేరుగా పిండడం కాకుండా పాలిథిన్ కవరు ముక్క మీద ఒక చుక్క వేసుకుని దాంట్లోంచి తీసుకోవడం మేలు. ఒలికితే నూలు గుడ్డతో, దూదితో తుడవొద్దు. నూలుతో కలిస్తే ఒక్కసారిగా వేడెక్కి చెయ్యి కాలేంత పని చేస్తుంది.

గాజు కప్పులకూ కిటికీలకూ మన ఇంట్లోనే ఉన్న తెల్లటి ఫెవికాల్ చాలు. 1959 నుంచి మన వడ్రంగులు వాడుతున్న ఈ జిగురు నీళ్లలో కలిసిన పాలీవినైల్ ఎసిటేట్, ప్లాస్టిక్‌ను ముట్టుకోదు, ఆవిరి వదలదు, ఆరాక పారదర్శకంగా మారుతుంది. ప్లాస్టిక్ మీద దాని పట్టు బలహీనమే, కానీ గాజు కప్పును ఎవరూ లాగరు కదా. వంకరగా పడితే తడిగుడ్డతో తుడిచి మళ్లీ పెట్టుకోవచ్చు. ఒక్కచోట మాత్రం దీన్ని వాడకూడదు. ముక్కు కింద చక్రం ఉన్న విమానాలు చాలావరకు ముక్కులో బరువు లేకపోతే తోక మీద కూలబడతాయి. అందుకని చేపల గాలాలకు కట్టే సీసపు గుళ్లు లోపల వేసి అతికిస్తారు. ఫెవికాల్ లాంటి జిగురు నుంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లం మూసిన చోట సీసాన్ని ఏళ్ల తరబడి తినేసి, తెల్లటి పొడిగా ఉబ్బిస్తుంది, ఆ ఉబ్బుకు ముక్కు పగిలిన మోడళ్లున్నాయి. అరల్డైట్ లాంటి రెండు ట్యూబుల జిగురు పనికొచ్చేది ఇక్కడే.

ఏ జిగురూ పనిచేయని ప్లాస్టిక్‌లు కూడా ఉన్నాయి. జాతరలో కొన్న బొమ్మ విమానం, సంచిలో పోసి అమ్మే మెత్తటి సైనికులు ఎక్కువగా పాలిథిన్, పాలీప్రొపిలీన్ జాతివి. ద్రావకం వాటిని కదల్చదు, ఫెవిక్విక్ వాటి మీద నిలవదు. గుర్తుపట్టడానికి గ్లాసుడు నీళ్లు చాలు. వాటి తునక నీళ్ల మీద తేలుతుంది, పాలీస్టైరీన్ తునక మునుగుతుంది. తేలితే సూది గుచ్చి మేకులా బిగించుకోవాలి, జిగురు మీద ఆశ వదులుకోవాలి. మునిగే వాటిలో ఏబీఎస్ ఉంటే దానికి ప్రత్యేకంగా ఏబీఎస్ సిమెంటు అమ్ముతారు. ఈ మధ్య ఇళ్లలో త్రీడీ ప్రింటర్లతో తీస్తున్న పీఎల్ఏ ముక్కలకు సయనోఅక్రిలేట్ వాడితే సరి.

వాసన గురించి పెద్దవాళ్ల భయంలో న్యాయముంది. జిగురు పీల్చి మత్తెక్కించుకునే పిల్లల బెడద 1960ల్లో అమెరికాను పట్టి పీడించింది. టెస్టర్స్ అనే కంపెనీ 1969లో తన మోడల్ జిగురులో ఆవనూనె ఘాటు కలిపింది, ముక్కు దగ్గర పెట్టుకుంటే కళ్లు మండేలా. మన దేశంలో 2012లో కేంద్రం సీసాల్లో వచ్చే వైట్‌నర్, దాని థిన్నర్ అమ్మకాన్ని ఆపింది ఈ కారణంతోనే. కాబట్టి పదేళ్ల పిల్లవాడికి ఆకుపచ్చ మూత సీసా ఇచ్చి గదిలో వదలకూడదు. జిగురు అక్కర్లేకుండా నొక్కితే బిగిసే కిట్లున్నాయి, ముందు అవి ఇవ్వాలి. తర్వాతి మెట్టుగా నారింజ తొక్క నూనెతో చేసే లిమొనీన్ సిమెంటు ఉంది. గది నిండా నాగపూర్ సంత్రాలు ఒలిచిన వాసన వస్తుంది. అది 176 డిగ్రీల దాకా మరగదు కాబట్టి మెల్లగా ఆరుతుంది, మన ఎండకాలానికి అదే దాని గుణం. చర్మానికి పడనివాళ్లకు దద్దు రావచ్చు, సువాసన వస్తోంది కదా అని కిటికీలు మూసుకుని కూర్చునే సరుకు కాదు.

తెప్పించుకోవడం మరో తంతు. మండే ద్రవాలను తపాలాలో పంపనివ్వరు. కిట్ విమానంలో వచ్చినా సిమెంటు రోడ్డు మీద వచ్చే కొరియర్ కోసం ఆగాలి. కిట్ ఆర్డరు పెట్టేటప్పుడే సీసాను విడిగా, ముందుగా ఆర్డరు పెట్టుకోవడం ఉత్తమం. లేదా ధర్మాబాద్‌లో రైలెక్కి హైదరాబాద్ పోయే బంధువుకు చెప్పుకోవాలి. కుండల్‌వాడిలో మొదటి కిట్ కట్టబోయే వాళ్లకు నేను రాసిచ్చే చీటీలో మూడే ఉంటాయి: పల్చటి సిమెంటు ఒక సీసా, చిన్న ఫెవిక్విక్ ట్యూబు, చిన్న ఫెవికాల్. మొదటిది తప్ప మిగతావి నడిచిపోయేంత దూరంలోనే దొరుకుతాయి. 40 మిల్లీలీటర్ల సీసా చాలా కిట్లకు వస్తుంది, ఒలికిపోకపోతే. ఒలికితే బల్ల మీదున్న ముక్కలన్నీ ఒకే ముద్ద. అందుకని సీసా పట్టేంత గుంత తొలిచిన చెక్క దిమ్మెలో దాన్ని నిలబెట్టుకోవాలి. వడ్రంగి దగ్గర పారేసే దిమ్మె అయినా చాలు. థర్మాకోల్ మాత్రం వద్దు.